హిప్నాటిజము వైద్యమును గూర్చి సంఘస్థుల సందేహములు

చదువవలసిన భాగములు: 2 రాజులు 20:1–7; ద్వితీయోపదేశకాండము 18:9–14



ఐదేండ్లుగా కడుపునొప్పితో బాధపడుచున్న సంఘస్థురాలొకామె గత సంవత్సరము మాయొద్దకు వచ్చెను. పరీక్షలన్నియు చేయించిరి, పుండుగాని గడ్డగాని కనబడలేదు. మనస్సులోని కలతవలన పేగుల బాధ హెచ్చుచున్నదని చెప్పి, పట్టణపు డాక్టరుగారు మందులతోపాటు హిప్నాటిజము వైద్యముకూడ చేయించుకొనుమనిరట. “అయ్యగారూ, వెళ్లవచ్చునా?” అని ఆమె యడుగగా, మేము నిదానించి ఆలోచింపక, “అది మంత్రగాండ్ర పని, వద్దమ్మా” అంటిమి. ఆమె మారుమాటాడక వెళ్లిపోయెను.

నాలుగు నెలలు ఆమె ప్రభురాత్రి భోజనమునకు రాలేదు. ఇంటికి వెళ్లి విచారింపగా, అట్టి వైద్యమునకు ఆశపడినందున తాను బల్లయొద్దకు రాదగదేమో అని భయపడుచున్నట్లు తెలిసెను. నొప్పి అట్లే యున్నది. దానిపైన ఈ భయమును మేము పెట్టితిమి. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పుట మా తప్పిదము. తరువాత చదివి, డాక్టర్లను అడిగి తెలిసికొన్న సంగతులను ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము.

మనలో అనేకులు హిప్నాటిజమును చూచినది వేదికమీదనే. ఉల్లిపాయను ఆపిలుపండని తినిపించుట, పెద్దమనిషిచేత కోడివలె కూయించుట మొదలగునవి చూచి నవ్వుకొంటిమి, లోలోపల జడిసితిమి. ఆసుపత్రిలో జరుగునది వేరు. రోగి కుర్చీలో కూర్చుండి కన్నులు మూసికొని నెమ్మదిగా ఊపిరి తీయును. వైద్యుడు మెల్లగా మాటలాడుచు ఆమె ధ్యాసను ఒక్కదానిమీదికి త్రిప్పును. కడుపునొప్పి గలవారితో, “పొట్టమీద చేయి పెట్టుకొనుము, వెచ్చదనము లోపలికి దిగుచున్నది, కాలువలో నీరు తిన్నగా పారినట్లు పేగులు కదలుచున్నవి” అని చెప్పుదురు. ఇందులో తాయెత్తు లేదు, పేరు పెట్టి పిలువబడు శక్తి ఏదియు లేదు.

“తెలివి తప్పునా?” అని అడుగుదురు. తప్పదు. ఇంగ్లండులోని మాంచెస్టరు పట్టణములో వైద్యము చేయుచుండిన జేమ్సు బ్రెయిడ్ అను వైద్యుడు 1843లో దీనిని గూర్చి గ్రంథము ప్రకటించెను. నిద్ర అను అర్థము గల గ్రీకు మాటనుండి ఆయన దీనికి పేరు పెట్టెనుగాని, ఇది నిద్ర కాదని తరువాత తానే గ్రహించెను. మగ్గముమీద పోగు చూచుకొనుచున్నవానిని ప్రక్కనుండి పిలిచినను వినబడదు చూడుడి, అట్టి ఏకాగ్రత ఇది. సాధారణముగా రోగి మాటలు వినును, ఇష్టము లేనిచో కన్నులు తెరచి లేచిపోవచ్చును. “మరల మెలకువ రాకపోయినచో?” అను భయమునకును తావు లేదు, వైద్యుడు మధ్యలో వెళ్లిపోయినను రోగి తనంతట తానే కన్నులు తెరచును.

ఇది దురాత్మ పనియా అనునదే పెద్ద ప్రశ్న. మెస్మరు అను వైద్యుడు, శరీరములలో కంటికి కనబడని ఒక ప్రవాహము పారుచున్నదనియు, దానిని తాను నడిపించి రోగములు బాపుదుననియు పారిసు నగరమున చెప్పుకొనెను. 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘము, బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియే మొదలగువారితో కూడినది, శోధించి, అట్టి ప్రవాహము లేదనియు, రోగులయొక్క ఊహయే పనిచేయుచున్నదనియు తేల్చెను. 1845లో మన దేశములోనే, బెంగాలులోని హుగ్లీలో, జేమ్సు ఎస్డెయిల్ అను వైద్యుడు మెస్మరిజముతో రోగులకు నొప్పి తెలియకుండ శస్త్రచికిత్సలు చేయసాగెను. ఈయన స్కాట్లండు పాదిరి కుమారుడు! 1847లో క్లోరోఫారము వచ్చిన తరువాత ఆ పద్ధతి వెనుకబడెను. పేగుల బాధ విషయమై 1984లో మాంచెస్టరు డాక్టర్లు ఇతర మందులకు లొంగని 30 మందిని శోధించి, ఈ వైద్యము పొందినవారికి ఎక్కువ మేలు కలిగెనని ప్రకటించిరి. ఇది అందరికిని పనిచేయునని మాత్రము ఎవరును చెప్పలేరు.

ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయములో దేవుడు నిషేధించిన పనులను వరుసగా చదువుడి. మరుగైన సంగతులకై ఆత్మలను, చనిపోయినవారిని అడుగుట, శకునములు చూచుట, మంత్రముతో పట్టుట: దేవునిని విడిచి వేరొక శక్తియొద్దకు పోవుటయే అక్కడి పాపము. కాబట్టి నిమ్మకాయలు, దారములు అడిగిన యెడల, ఏదైన ఆత్మ పేరెత్తిన యెడల అక్కడనుండి లేచి రండి. “మీ పూర్వజన్మ చూపెదము” అను ప్రకటనలు ఇప్పుడు పట్టణములలో కనబడుచున్నవి. హెబ్రీయులకు 9:27 చదివినవారికి దానితో పని లేదు. వైద్యవిధముగా చూచినను అది అపాయమే. ఈ స్థితిలో ఊహకు జ్ఞాపకమునకు భేదము చెరిగిపోవచ్చును. మరచిన సంగతులను త్రవ్వి తీయుదుమనెడివారిమాట విని, 1980, 1990 దశకములలో అమెరికాలో కొందరు బిడ్డలు తలిదండ్రులమీదనే ఘోరమైన నేరములు మోపిరి. అందులో అబద్ధపు జ్ఞాపకములు కలవని తరువాత బయలుపడెను. ఎన్ని ఇండ్లు విడిపోయెనో!

మా సంఘపెద్ద ఒకరు మత్తయి 12:43–45 చూపి, “మనస్సు ఖాళీచేసిన దయ్యము చేరదా?” అనిరి. మంచి ప్రశ్నయే. అయితే ఇక్కడ మనస్సును ఖాళీ చేయుట లేదు. ఒక తలంపుతో నింపుచున్నారు. ఆ తలంపు ఏదో ముందుగానే అడిగి తెలిసికొనవచ్చును, అడుగవలెను.

“ప్రార్థన చాలదా?” అనువారికి హిజ్కియాను చూపుచున్నాము. అతడు కన్నీటితో ప్రార్థించెను, ప్రభువు ఆలకించెను, పదునైదు సంవత్సరములు ఇచ్చెను. అయినను అంజూరపుపండ్ల ముద్ద తెచ్చి పుండుమీద వేయుమని యెషయాయే చెప్పెను. ప్రార్థనకు ఉత్తరము వచ్చిన తరువాతనే ఆ ముద్ద వేసిరి. ముద్ద వేయించుకొన్నందున హిజ్కియా విశ్వాసము తక్కువదని ఎవరును అనలేదు.

మా భయమంతయు ఇప్పుడు మనుష్యులనుగూర్చియే. బోర్డు కట్టినవారెల్ల వైద్యులు కారు. మానసిక వైద్యుడో, శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్టో అయియుండవలెను. చదువును, రిజిస్ట్రేషనును అడుగుటకు సిగ్గుపడకుడి. స్త్రీలు ఒంటరిగా వెళ్లవద్దు. డాక్టరు చెప్పక మందులు మానవద్దు. విరేచనములో రక్తము పడినను, ఒళ్లు తగ్గిపోయినను మొదట పరీక్షలు చేయించుకొనవలెను. లేని స్వరములు వినబడువారిని నేరుగా మానసిక వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. వారికి ఇది తగదు. ఎవరియొద్దకు పోవలెనో తెలియనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. 2022లో భారత ప్రభుత్వము పెట్టిన టెలి మానస్ అది. తెలుగులో మాటలాడుదురు, రుసుము లేదు.

ఆ సహోదరియొద్దకు తిరిగి వెళ్లి క్షమాపణ అడిగితిమి. స్త్రీల సమాజమునుండి ఇద్దరు ఆమెతోకూడ బస్సెక్కి పట్టణమునకు వెళ్లిరి. లోపల ఒకరు, వరండాలో ఒకరు కూర్చుండిరి. పన్నెండు వారములు అట్లే జరిగెను. నొప్పి పూర్తిగా పోలేదు. వారమునకు నాలుగు దినములు వచ్చునది ఇప్పుడు ఒకటి రెండు దినములే వచ్చుచున్నదని ఆమె చెప్పుచున్నది. ఈ ఏడు మిరపకోతకు వెళ్లెను. మొన్న ఆదివారము ప్రభురాత్రి భోజనమునకు అత్తగారితో కలిసి వచ్చి ముందు చాపమీద కూర్చుండెను.