ప్రైమర్ల కొఱత కాలమున ఒకదానికి బదులు వేఱొకటి వాడుటను గూర్చి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పైరులను అడవిపందుల నుండి కాపాడుకొను కర్షకులు పలువురు తమ తూటాలను తామే నింపుకొందురు. ఒకమాఱు కాల్చిన ఇత్తడి గుల్లను పాఱవేయక శుభ్రపఱచి, క్రొత్త ప్రైమరును, తుపాకిమందును, గుండును చేర్చి మఱల ఉపయోగించుట అచ్చట చిరకాలముగా నున్న వాడుక. దీనివలన వ్యయము తగ్గును. తమ తుపాకికి తగిన తూటాయును కుదురును.

అయితే ఈ నాలుగు వస్తువులలో ఇంట చేసికొన వీలులేనిదియు, కొఱత వచ్చినప్పుడు మొదట మాయమగునదియు ప్రైమరే. 2020 మొదలు 2022 వఱకు అచ్చట ప్రైమర్లు మిక్కిలి కఱవయ్యెను. మహమ్మారి కాలమున క్రొత్తగా తుపాకులు కొన్నవారు అధికమైరి. రెమింగ్టను కంపెనీ 2020 జూలైలో దివాలా తీసెను. అంగడికి వచ్చిన కొద్దిపాటి సరకు వెంటనే అమ్ముడు పోయెను. అట్టి సమయమున ప్రతివానికిని తోచు ప్రశ్న యొక్కటే: కావలసిన ప్రైమరు దొరకనప్పుడు చేతనున్న వేఱొక ప్రైమరును వాడవచ్చునా? ఈ ప్రశ్నకు ఆలోచింపక సమాధానము చెప్పుకొన్నవారు కన్నులకును, వ్రేళ్లకును ముప్పు తెచ్చుకొందురు.

ప్రైమరు పని

ప్రైమరనగా చిన్న లోహపు గిన్నె. దానిలో తాకిడికి మండు మందు కొద్దిగా నుండును. తుపాకి సూది ఆ గిన్నెను కొట్టగా, మందు గిన్నెకును లోపలి దాగలికిని నడుమ నలిగి మండును. ఆ మంట గుల్ల అడుగుననున్న రంధ్రము గుండ పోయి తుపాకిమందును అంటించును. గిన్నెకు మఱియొక పనియు గలదు. తూటా ప్రేలినప్పుడు పుట్టు ఒత్తిడి వెనుకకు రాకుండ అడ్డుకొనవలసినది అదియే.

కావున ప్రైమరుకు రెండు గుణములు ముఖ్యములు: మంట యొక్క బలము, గిన్నె యొక్క మందము. పైకి ఒకే తీరున కనబడు ప్రైమర్లు ఈ రెంటిలోను భేదింపవచ్చును.

రకములు

దాగలి ప్రైమరులోనే యుండి, గుల్లకు నడుమ ఒకే రంధ్రముండునది బాక్సరు పద్ధతి. దాగలి గుల్లలో భాగమై, సామాన్యముగా రెండు రంధ్రములుండునది బెర్డాను పద్ధతి. బాక్సరు ఆంగ్లేయుడు, బెర్డాను అమెరికావాడు. అయినను అమెరికాలో బాక్సరు పద్ధతియు, ఐరోపాలో బెర్డాను పద్ధతియు వ్యాపించినవి. ఒక పద్ధతి ప్రైమరు రెండవ పద్ధతి గుల్లకు పనికిరాదు.

బాక్సరు ప్రైమర్లలో చిన్నవి 0.175 అంగుళము, పెద్దవి 0.210 అంగుళము వ్యాసము గలవి. ఈ రెండు కొలతలలోను పిస్తోలుకు వేఱు, రైఫిలుకు వేఱు గలవు. తఱచుగా వీనిలో మాగ్నమను తీవ్రమైన మంట గల రకమును ఉండును. రవ్వల తుపాకి తూటాలకు వాడు 209 సంఖ్య గల ప్రైమరు వీనికంటె భిన్నమైనది.

సంచి ఒకటే, సారము వేఱు

ఎఱువు వేయు కర్షకునికి ఈ సంగతి సులభముగా బోధపడును. అమ్మోనియం సల్ఫేటులో నత్రజని నూటికి ఇంచుమించు 21 పాళ్లు. యూరియాలో 46 పాళ్లు. రెండును తెల్లని పలుకులే. ఒకదాని కొలతతో రెండవదానిని చల్లినచో పైరు మాడును. అచ్చట పోవునది ఒక పంట. ప్రైమరు విషయమున పోవునది మనుష్యుని కన్ను.

ఎన్నడును చేయరాని మార్పులు

1. పెద్ద రైఫిలు ప్రైమరును పెద్ద పిస్తోలు గుల్లలో నుంచరాదు. వ్యాసము సమానమైనను రైఫిలు ప్రైమరు ఎత్తు అంగుళములోని వేయి భాగములలో ఇంచుమించు ఎనిమిది భాగములు హెచ్చు. అది గుల్ల అడుగునకంటె పైకి పొడుచుకొని యుండి, తుపాకి సరిగా మూయబడక మునుపే ప్రేలవచ్చును.

2. పిస్తోలు ప్రైమరును బలమైన రైఫిలు తూటాలో నుంచరాదు. 9 మిల్లీమీటర్ల లూగరు తూటాకు గరిష్ఠపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 35,000 పౌనులు; .223 రెమింగ్టను తూటాకు 55,000 పౌనులు. పిస్తోలు ప్రైమరు గిన్నె పలుచనిది. అది చిల్లిపడినచో వేడి వాయువు కాల్చువాని ముఖము మీదికి వచ్చును.

3. తనంతట తాను తూటా నెక్కించుకొను రైఫిళ్లలో కొన్నింటి సూది స్వేచ్ఛగా కదలుచుండును. అట్టివానిలో మెత్తని గిన్నె గల ప్రైమరు నుంచినచో, మీట నొక్కకయే తూటా ప్రేలు భయము గలదు.

4. రవ్వల తూటాల విషయమున గ్రంథములో చెప్పిన ప్రైమరునే వాడవలెను. మిగిలిన వస్తువులన్నియు యథాతథముగా నుండి ప్రైమరు మాత్రము మాఱినను ఒత్తిడి హద్దు దాటవచ్చును.

5. ప్రైమరు మందును ఇంట తయారుచేయ యత్నింపరాదు. కాలిన ప్రైమర్లలో మఱల మందు నింప యత్నింపరాదు.

జాగ్రత్తతో చేయదగినవి

ఒకే తరగతిలో ఒక కంపెనీ ప్రైమరుకు బదులు వేఱొక కంపెనీ ప్రైమరును వాడవచ్చును. కాని పాత కొలతను అట్లే ఉంచరాదు. ముద్రిత గ్రంథములో ఆ గుండునకును, ఆ మందునకును చెప్పిన కనిష్ఠపు కొలతకు దిగి, అచ్చటనుండి కొంచెము కొంచెముగా పరీక్షించుచు పోవలెను. మాగ్నము ప్రైమరును సామాన్యమైనదానికి బదులు వాడునప్పుడు ఈ నియమము మఱింత ముఖ్యము. ఏలయన దాని మంట వలన ఒత్తిడి హెచ్చును. దానికి విపర్యయముగా, మాగ్నము ప్రైమరు కోరు మందునకు సామాన్యపు ప్రైమరు పెట్టినచో, చలి దినములలో మందు సరిగా అంటుకొనకపోవచ్చును.

మీట నొక్కినను తూటా ప్రేలనిచో, తుపాకిని భయము లేని దిక్కునకే త్రిప్పి యుంచి, కనీసము 30 సెకనులు ఆగవలెను. ధ్వని మిక్కిలి తక్కువగా వినబడినచో గుండు గొట్టములో చిక్కియుండవచ్చును. గొట్టమును పరీక్షింపక రెండవ తూటా కాల్చినచో గొట్టము పగులును.

ప్రైమరు చదునగుట, చిల్లిపడుట, గుల్ల గట్టిగా పట్టుకొని ఊడిరాకుండుట, ఇవి ఒత్తిడి మీఱిన చిహ్నములు. కనబడిన క్షణమే కాల్చుట మానవలెను. కాని చిహ్నములు లేనంత మాత్రమున ఒత్తిడి హద్దులో నున్నదని నమ్మరాదు.

నిలువ

ప్రైమర్లను కొన్న పెట్టెలోనే ఉంచవలెను. సీసాలోనో డబ్బాలోనో కలిపి పోసినచో, ఒకటి ప్రేలిన అన్నియు ఒక్కుమ్మడి ప్రేలును. పైగా ఏ రకమో తెలియకపోవును. పేరు చెఱిగిపోయిన ప్రైమర్లను వాడరాదు. అమెరికాలోని అగ్నినివారణ ప్రమాణము ప్రకారము ఇంట 10,000 ప్రైమర్లకు మించి ఉంచరాదు.

భారతదేశమున

భారతదేశమున 1959 ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలను తయారుచేయుట నేరము. పంటరక్షణకై తుపాకి లైసెన్సు పొందియున్న రైతు తూటాలను లైసెన్సు గల వర్తకుని యొద్దనే కొనవలెను. తుపాకి నుంచుకొనుటకు ఇచ్చిన లైసెన్సు తూటాలు తయారుచేయుటకు చెల్లదు.

కొఱత కాలమున మేలైన మార్గము బదులు వెదకుట కాదు, వాడుక తగ్గించుట. గురి అభ్యాసమును కొంతకాలము మానవలెను. ఉన్న తూటాలను అవసరమునకు దాచుకొనవలెను. కంచెను బలపఱచుట, రాత్రులు వంతులవారీగా కావలి కాయుట వంటి పనులకు ప్రైమరు అక్కఱలేదు. పందులు పాడుచేసిన చేనిని మఱుసటి కారున మఱల విత్తవచ్చును. పోయిన చూపు ఏ కారునను మఱల రాదు.