విరామానంతరము సైకిలు పందెము: మరల ఆరంభించువారికి ఆరోగ్యసూత్రములు

సూరతు నగరమునకు దక్షిణముననున్న ఉధ్నా ప్రాంతము మరమగ్గములకు ప్రసిద్ధి చెందినది. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన తెలుగు నేతపనివారి కుటుంబములు ఇచటను, పొరుగుననున్న లింబాయత్ ప్రాంతమునను చిరకాలముగా నివసించుచున్నవి. ఇంటినుండి సాంచెల కార్ఖానాకు సైకిలుపై పోయివచ్చుట ఇచటి శ్రామికులకు అలవాటు. యౌవనమున సైకిలు పందెములయందు ఆసక్తి చూపి, పిదప సంసారభారముచేతను, పండ్రెండు గంటల పాళీలచేతను మానుకొనినవారు నలువదియవ యేట మరల పందెమునకు దిగవలెనని తలంచుట సహజము. ఆ తలంపు మెచ్చదగినది. అయితే దానిని ఆచరణలో పెట్టుటకు ఒక క్రమము కలదు. ఆ క్రమమును వివరించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

కాళ్లు మరువవు, గుండె మరచును

ఒకసారి నేర్చిన సైకిలు తొక్కుట జీవితాంతము మరపునకు రాదు. ఇరువది సంవత్సరముల తరువాత ఎక్కినను నిలకడ తప్పదు. ఇందువలననే మోసపోవుటకు అవకాశము కలుగుచున్నది. నేర్పు నిలిచియున్నందున శక్తియు నిలిచియున్నదని మనిషి భ్రమపడును.

వాస్తవమున సాధన మానిన రెండు మూడు వారములలోనే రక్తపరిమాణము తగ్గును. గుండె ఒక్కొక్క కొట్టుకొనుటయందు పంపు రక్తము తగ్గును. నెలలు గడచినకొలది కండరములు ప్రాణవాయువును వినియోగించుకొను సామర్థ్యమును కోల్పోవును.

ఈ విషయమై అమెరికాలోని డల్లాసు నగరమున 1966లో జరిగిన పరిశోధన ప్రసిద్ధమైనది. సుమారు ఇరువది ఏండ్ల వయస్సుగల ఐదుగురు ఆరోగ్యవంతులను మూడు వారములు మంచముపైననే ఉంచిరి. తరువాత పరీక్షింపగా, శ్రమించునపుడు వారి శరీరము గ్రహింపగల ప్రాణవాయువు నాలుగవవంతునకు పైగా తగ్గియుండెను. ముప్పది సంవత్సరముల పిమ్మట అదే ఐదుగురిని మరల పరీక్షించిరి. ముప్పది ఏండ్ల వయోభారము చేసిన నష్టముకంటె ఆ మూడు వారముల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలెను. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు: సుమారు ఆరు నెలలు క్రమముగా వ్యాయామము చేసి, వయస్సువలన పోయిన ఆ శక్తిని వారు తిరిగి పొందగలిగిరి.

దీనినుండి గ్రహింపవలసినవి రెండు విషయములు. పోయిన శక్తి తిరిగి వచ్చును. అయితే దానికి పట్టునది ఆరు నెలలు, ఆరు దినములు కాదు.

అమెరికా క్రీడాకారిణి క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండు పర్యాయములు పందెములనుండి విరమించి, రెండు పర్యాయములును తిరిగి వచ్చి, 2016లో రియో ఒలింపిక్ క్రీడలయందు తన నలువది మూడవ జన్మదినమునకు ముందునాడు కాలపరీక్ష పందెమున స్వర్ణపతకము గెలిచెను. వయస్సు అడ్డంకి కాదనుటకు ఇది నిదర్శనము. కాని ఆమె వెనుక శిక్షకులును, వైద్యులును ఉండిరని మరువరాదు.

రోజంతయు నిలుచుట చాలదా?

"దినమంతయు సాంచెలవద్ద నిలిచి పనిచేయువానికి వేరు సాధన ఎందుకు?" అని కొందరు ప్రశ్నింతురు. నిలుచుటవలన కాళ్లు అలయును, నడుము నొచ్చును. గుండె మాత్రము చాలసేపు వేగముగా కొట్టుకొనదు. కావున అలసట వేరు, సాధన వేరు. పైగా రాత్రిపాళీ ముగించి, నిద్రలేక, తిన్నగా సైకిలెక్కుట ప్రమాదకరము. తగినంత నిద్రలేని దినమున సాధనను విడిచిపెట్టుటయే మేలు.

ముందుగా వైద్యుని చూడవలసినవారు

ఈ క్రింది లక్షణములలో ఏ ఒక్కటి ఉన్నను వైద్యపరీక్ష లేకుండ పందెపు సాధన ఆరంభింపరాదు:

1. రక్తపుపోటు, మధుమేహము లేక గుండెజబ్బు కలవారు.
2. బీడీ, సిగరెట్టు, గుట్కా మొదలగు పొగాకు అలవాటు కలవారు.
3. తండ్రికిగాని, అన్నదమ్ములకుగాని ఏబదియైదు ఏండ్లలోపునను, తల్లికిగాని, అక్కచెల్లెండ్రకుగాని అరువదియైదు ఏండ్లలోపునను గుండెపోటు వచ్చినవారు.
4. మెట్లెక్కునపుడు రొమ్ము బిగిసినట్లుండువారు, కారణము లేకుండ స్పృహ తప్పినవారు.

భారతీయులకు గుండెజబ్బు పాశ్చాత్యులకంటె చిన్నవయస్సుననే వచ్చుచున్నదని వైద్యులు గమనించిరి. కావున నలువది దాటినవారు ఏ బాధయు లేకున్నను రక్తపుపోటును, రక్తములోని చక్కెరను ఒకసారి చూపించుకొనుట మంచిది. జ్వరముతో ఉన్నపుడు ఎవరును సాధన చేయరాదు.

పండ్రెండు వారముల క్రమము

మొదటి నాలుగు వారములు: వారమునకు మూడు దినములు, దినమునకు అరగంటనుండి నలుబది నిమిషముల వరకు. తొక్కుచు ప్రక్కవానితో నిరాటంకముగా మాటలాడగలిగినంత వేగము చాలును. మాట తెగిపోవుచున్నచో వేగము మితిమీరినదని ఎరుగవలెను.

ఐదవ వారమునుండి ఎనిమిదవ వారము వరకు: నాలుగు దినములు. అందొక దినము గంటనుండి గంటన్నర వరకు. సాధనను ఒక్కసారిగాకాక క్రమక్రమముగా పెంచుట క్షేమము.

తొమ్మిదవ వారమునుండి: వారమున ఒక్క దినము మాత్రము ఒక నిమిషము గట్టిగా తొక్కి, రెండు నిమిషములు మెల్లగా సాగవలెను. ఇట్లు ఆరు పర్యాయములు చేయవలెను. తక్కిన దినములు పూర్వమువలెనే.

మూడవ వారమునుండి ఆరవ వారము వరకు మిక్కిలి జాగ్రత్త అవసరము. ఏలయన గుండెయు, రక్తమును వారములలో కోలుకొనును. ఎముకలను కండరములను కలుపు స్నాయువులకు నెలలు పట్టును. అప్పటికి ఊపిరి తేలికపడును, ఉత్సాహము పెరుగును. మోకాలు మాత్రము ఇంకను సిద్ధము కాదు. మోకాటి ముందుభాగము నొచ్చుచున్నచో సీటు చాల క్రిందుగా ఉన్నదేమో చూడవలెను. పెడలు అట్టడుగున ఉన్నపుడు దానిపై మడమ ఆనించినచో కాలు దాదాపు తిన్నగా నుండుట సరియైన ఎత్తు.

గాలియు, గుంపును

సూరతు ప్రాంతము సమతలము. ఎత్తుపల్లములు తక్కువ. అందువలన శ్రమ లేదనుకొనరాదు. సమతలమున వేగముగా పోవువానికి ముఖ్యశత్రువు గాలియే. వేగము రెట్టింపైనచో గాలిని చీల్చుటకు ఎనిమిది రెట్లు శక్తి కావలెను. ఇంకొకని వెనుక దగ్గరగా తొక్కినచో సుమారు నాలుగవవంతు శ్రమ తగ్గును. పందెగాండ్రు గుంపుగా సాగుటకు ఇదియే కారణము.

చాలకాలమునకు తిరిగి వచ్చినవానికి ఈ గుంపే ఉరి. నలువదియైదేండ్ల నేతపనివాడొకడు రెండవ వారముననే పడుచువారి గుంపులో చేరెననుకొనుడు. వారి వెనుక పదిమైళ్లు సునాయాసముగా సాగును. ఆ వేగము తనదేయని నమ్మును. గుంపునుండి వెనుకబడిన క్షణమున గాలి మీదపడును. వారిని అందుకొనవలెనన్న పట్టుదలతో ఊపిరి తిరుగకున్నను తొక్కును. కావున మొదటి ఎనిమిది వారములు ఒంటరిగాగాని, తనతో సమానమైన ఒక మిత్రునితోగాని తొక్కవలెను. ఉధ్నానుండి మగ్దల్లా మీదుగా డుమస్ సముద్రతీరము వైపు పోవువారు మొదట ఎదురుగాలినే ఎదుర్కొనునట్లు ప్రయాణమును ఏర్పరచుకొనవలెను. అలసి తిరిగివచ్చునపుడు గాలి తోడుపడును.

ఎండయు, నీరును

సముద్రము చేరువనున్నందున ఇచటి గాలిలో తేమ ఎక్కువ. చెమట పట్టును గాని ఆరదు, ఒడలు చల్లబడదు. వేసవిలో సూర్యోదయ సమయముననే సాధన ముగించుట ఉచితము. ఎండకు ఒడలు అలవాటుపడుటకు పది పదునాలుగు దినములు పట్టును. గంటకు మించి తొక్కువారు ఉప్పు వేసిన మజ్జిగగాని, ఓ.ఆర్.ఎస్. ద్రావణముగాని త్రాగవలెను. ఉత్తనీటిని మితిమీరి త్రాగుటయు కీడే. మధుమేహమునకు మందులు వాడువారు పంచదార వెంట నుంచుకొనవలెను. జొన్నరొట్టె, పప్పు, గ్రుడ్డు, వేరుశనగ, అరటిపండు సాధకులకు చాలిన ఆహారము. ఖరీదైన పొడులు అవసరము లేదు.

చెవియు, రోడ్డును

మరమగ్గముల హోరులో ఏండ్లతరబడి పనిచేసినవారికి వినికిడి మందగించుట కలదు. అట్టివారికి వెనుకనుండి వచ్చు లారీ చప్పుడు ఆలస్యముగా తెలియును. కావున హ్యాండిలుకు అద్దమును, వెనుక ఎర్రదీపమును అమర్చుకొనవలెను. హెల్మెట్టు లేకుండ బయలుదేరరాదు. వానకాలమున నీరు నిలిచిన రోడ్డుపై గుంత కనబడదు. అట్టి దినములలో సాధన మానుట పిరికితనము కాదు.

అపాయసూచనలు

రొమ్ముపై బరువు, ఎడమచేతికిగాని, దవడకుగాని ప్రాకు నొప్పి, చల్లని చెమట, కన్నులు తిరుగుట కలిగినచో వెంటనే ఆగి కూర్చుండవలెను. "ఇంకొక్క మైలు" అనుకొనరాదు. తోటివారు 108కి ఫోను చేయవలెను. 2005లో తెలుగునాట ఆరంభమైన ఈ సేవ 2007 నుండి గుజరాతునందును కలదు. మనిషి స్పృహ తప్పి, ఊపిరి ఆడకున్నచో రొమ్ము నడుమ రెండుచేతులతో గట్టిగా, ఐదు సెంటిమీటర్ల లోతు దిగునట్లు, నిమిషమునకు నూరునుండి నూట ఇరువది మారులు నొక్కుచుండవలెను. సహాయము వచ్చువరకు ఆపరాదు. పందెపు గుంపులోని ప్రతివాడును దీనిని నేర్చియుండవలెను.

పందెము ముగియగానే దిగి నిలిచిపోరాదు. రక్తము కాళ్లలో నిలిచి మూర్ఛ రావచ్చును. పది నిమిషములు మెల్లగా తొక్కి, పిదప దిగవలెను.

ఉపసంహారము

పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు మితమైన వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. పైన చెప్పిన క్రమమున ఐదవ వారము దాటునప్పటికి ఆ లెక్క నిండును. అనగా పందెమునకు చేరకమునుపే సైకిలు తన మేలు చేసియుండును. పతకము ఒక్కరికే దక్కును. క్రమము తప్పనివారికందరికిని ఆరోగ్యము దక్కును. ఏ పందెమునకైనను చివరి గీత ఇంటి గుమ్మమేయని తలచి తొక్కువాడు మరుసటి యేడును పందెమునకు రాగలడు.