ఇంట్లో ఎలుక – మొదటి శీలం

"అక్కా, ఎలుకను చంపితే శీలం తప్పినట్టేనా?"

పోయిన వర్షావాసంలో మా పేట విహారంలో ఒక చెల్లెలు అడిగిన ప్రశ్న ఇది. పంచశీల చెప్పుకుని అప్పుడే కూర్చున్నాం. అంతకుముందు రాత్రి నిద్రలో ఆమె కొడుకు కాలివేలు ఎలుక కొరికింది. "పొద్దున ప్రాణం తీయనని చెప్పి, రాత్రికి మందు పెడుతున్నాను. ఇది మోసం కాదా?" అంది. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకంటే ఆ వారమే నేను మా ఇంట్లో జిగురు అట్ట పెట్టాను. రాత్రంతా కిచకిచలు. తెల్లారి లేచి చూస్తే ఎలుక అంటుకుపోయిన తన కాలిని తానే కొరుక్కుంటోంది. మా పాప "అమ్మా, విడిపించవే" అని ఏడ్చింది. లాగితే తోలు ఊడొచ్చేట్టు ఉంది. అట్టతో సహా చెత్తకుండీలో పడేసి వచ్చాను. అది ఇంకా బతికే ఉంది. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ, పాఠం చెప్పేవాళ్ళు ఈ మాట దాచకూడదు.

ఇక ప్రశ్నకు వద్దాం. బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో అహింసను నియమంగా కాదు, సూత్రంగా చూడమన్నారు. చంపాల్సిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు. కోరిక తప్ప మరే కారణం లేని చోట చంపడం ధమ్మానికి విరుద్ధం. 1956లో నాగపూర్‌లో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సర్వప్రాణుల మీద దయ కూడా ఉంది. మనం ఎలుకను కాపాడేది అది ఏ దేవుడి వాహనమో అని కాదు. ఆ లెక్క మనం ఎప్పుడో వదిలేశాం. దానికీ నొప్పి తెలుసు, అంతే.

అట్ఠకథలు పాణాతిపాతానికి అయిదు అంగాలు చెబుతాయి. ప్రాణి ఉండాలి, అది ప్రాణి అని తెలియాలి, చంపే ఉద్దేశం ఉండాలి, ప్రయత్నం జరగాలి, దానివల్ల ప్రాణం పోవాలి. నడుస్తుంటే కాలి కింద పడ్డ చీమకు ఇది వర్తించదు. నా జిగురు అట్టకు మాత్రం ఉద్దేశం దగ్గర్నుంచి అన్నీ సరిపోతాయి.

మరి ఊరికే చూస్తూ కూర్చోవాలా? అక్కర్లేదు. అంగుత్తర నికాయంలో ఒక సందర్భం ఉంది. శ్రావస్తిలో ఒక భిక్షువు పాము కరిచి చనిపోతాడు. అప్పుడు బుద్ధుడు పాముల జాతుల పట్ల మైత్రి నేర్పుతాడు. ఆ పరిత్తలో పాము, తేలు, జెర్రి, సాలీడు, బల్లితో పాటు ఎలుక పేరు కూడా వస్తుంది. చివర కోరేది ఏమిటంటే, నాకు రక్షణ చేసుకున్నాను, ఈ ప్రాణులు వెనక్కి వెళ్ళిపోవాలి అని. చచ్చిపోవాలని కాదు, వెళ్ళిపోవాలని. నాకైతే మొత్తం పాఠం అక్కడే కనిపించింది. రక్షణ చేసుకోవడం ముందు, వెళ్ళగొట్టడం తర్వాత.

ఎలుక విషయంలో రక్షణ అంటే కన్నం మూయడం. చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత సందు చాలు. తలుపు కింద, తూము దగ్గర, పైకప్పుకీ గోడకీ మధ్య చూడండి. గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కి పైన సిమెంటు పూయాలి, వట్టి గుడ్డ పెడితే కొరికేస్తుంది. తూముకు ఇనుప జాలీ వేయండి. బియ్యం మూత ఉన్న డబ్బాలోకి మార్చండి. రాత్రి అంట్లు సింకులో వదలొద్దు. మూసేముందు కన్నంలో కాగితం ఉండ పెట్టి రెండు మూడు రోజులు చూడండి. కదలకపోతే లోపల ఏమీ లేనట్టు. ఉడుత గూడు విషయంలో ఇది మరీ ముఖ్యం, పిల్లలు లోపల ఉండగా మూస్తే అవి ఆకలితో చస్తాయి. కిందపడిన ఉడుత పిల్లను పెంచడానికి తీసుకోకండి. చెట్టు మొదట్లో నీడన పెట్టి దూరం జరిగితే చాలాసార్లు తల్లే మోసుకుపోతుంది.

ఇంట్లో మిగిలినదానికి బోను పెట్టండి. ఎండుచేప ముక్కో, కాల్చిన కొబ్బరి ముక్కో చాలు. బోనును పొద్దునా సాయంత్రం చూడాలి, లేకపోతే ఎలుక లోపలే దాహంతో చస్తుంది. మన ఇళ్ళలో బోనుతో సహా నీళ్ళ బకెట్‌లో ముంచే అలవాటు ఉంది. మా అమ్మ కూడా అదే చేసేది. ఇక మానేద్దాం. కన్నాలు మూశాక దగ్గర్లో పొద ఉన్నచోట వదలండి. కొత్తచోట, మరీ దూరంలో వదిలితే తిండీ దారీ తెలియక చచ్చేవే ఎక్కువ. పక్కింటి పొలంలో మాత్రం వదలకండి, అది ఇంకొకరి నోటి కూడు.

అన్నీ చేసినా ఆగకపోతే? ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది, పసిపిల్లలున్న ఇంట్లో అది చిన్న సంగతి కాదు. అప్పుడు క్షణంలో ప్రాణం తీసే స్ప్రింగ్ బోను వాడటాన్ని నేను తప్పు పట్టను. నెల్లూరు వైపు యానాదులు వరిచేలల్లో పొగబెట్టి ఎలుకలు పట్టేది రైతు పంట కోసం, తమ తిండి కోసం. అది అవసరం. వాళ్ళను 'ఎలుకలు తినేవాళ్ళు' అని ఈసడించే నోళ్ళే మనకు అహింస బోధించడం చాలా చూశాం.

మందు మాత్రం వద్దు. రక్తం గడ్డకట్టనివ్వని బిళ్ళ తిన్న ఎలుక రోజుల తరబడి చస్తుంది, దాన్ని తిన్న పిల్లీ గుడ్లగూబా కూడా చావొచ్చు. పళ్ళ పేస్టులా ట్యూబులో వచ్చే పసుపు భాస్వరం మందుకు విరుగుడే లేదు. పిల్లలు నిజంగానే పేస్టు అనుకుంటారు. కడుపులోకి పోయిన రోజు బాగానే ఉన్నట్టు కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. పొరపాటున ఎవరైనా మింగితే, బాగున్నారని ఆగకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో ఆ ట్యూబు ఉంటే ఈ రోజే తీసేయండి.

ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది. దాన్ని కర్రతో కొట్టొద్దు. 1972 వన్యప్రాణి చట్టం పాముల్ని రక్షిస్తుంది, అదీగాక కొట్టబోయి కాటు తిన్నవాళ్ళు ఎందరో. పిల్లల్ని బయటికి పంపి, దూరం నుంచి కనిపెట్టుకుని అటవీశాఖకో, పాములు పట్టేవారికో ఫోన్ చేయండి. కాటు పడితే 108.

ఇక మా పాప సంగతి. జిగురు అట్ట జరిగిన వారానికి "హామ్‌స్టర్ కొందాం అమ్మా, దాన్ని బాగా చూసుకుందాం" అంది. చేసిన పాపం కడుక్కోవాలని దాని ఆలోచన! బుద్ధుడు ఉపాసకులు చేయకూడదన్న అయిదు వ్యాపారాల్లో విషమూ ఉంది, ప్రాణుల అమ్మకమూ ఉంది. ప్రాణులంటే ఇక్కడ మనుషులు అని అట్ఠకథ అర్థం చెబుతుంది. దాన్ని పంజరాల దుకాణం దాకా విస్తరించి చదవడం నా అభిప్రాయం. మన జాతిని కొన్నారు, అమ్మారు, ఆ మాట మనకు గుచ్చుకోవాలి. హామ్‌స్టర్ రాత్రిపూట తిరిగే జీవి, పెద్ద రకాన్ని ఒంటరిగానే ఉంచాలి, బతికేది రెండు మూడేళ్ళు. గినీ పిగ్‌కైతే తోడు కావాలి, విటమిన్ సి తిండిలోనే అందాలి. మే నెలలో మన రేకుల ఇంట్లో ఎండ దెబ్బకు రెండూ తట్టుకోలేవు. ఇప్పటికే పెంచుతున్నవాళ్ళు బయట వదిలేయకండి, అవి బతకలేవు. చివరిదాకా చూసుకోండి. మా పాప ఇప్పుడు గోడ మీద ఉడుతలకు నీళ్ళ మూకుడు పెడుతోంది, రోజూ లెక్క రాస్తోంది.

ఒక మాట మున్సిపాలిటీ గురించి కూడా చెప్పాలి. మన పేటల్లో ఎలుకలు ఎక్కువని మన శుభ్రతను తిడతారు. చెత్త బండి మెయిన్ రోడ్డుకి రోజూ వస్తుంది, మన సందులోకి రాదు. ఎలుక ఎక్కడ పెరుగుతుందో ఆ బండి దారి చూస్తే తెలుస్తుంది. అందుకే వినతిపత్రం రాశాం, 40 మంది సంతకం చేశారు.

ప్రశ్న అడిగిన చెల్లెలి ఇంట్లో పోయిన ఆదివారం నలుగురం కూర్చుని ఏడు కన్నాలు మూశాం. ఒకటి దొరకలేదు, రాత్రి చప్పుడు ఇంకా వస్తోందట. వచ్చే పౌర్ణమికి వందన అయ్యాక మళ్ళీ వెళ్తున్నాం. ఇనుప పీచు నేను తెస్తాను, సిమెంటు ఎవరైనా తీసుకురండి.