యంత్రం పలికే హాజరు

వార్షికోత్సవ సంచికకు తమ్ముళ్లకు పనికొచ్చే పాఠం ఒకటి రాయమన్నారు. ఈ హాస్టల్లో ఉండి ఐటీఐ, డిప్లొమా చదువుకున్న మేము కొందరం గుంటూరు, చిలకలూరిపేట వైపు కోల్డ్ స్టోరేజీల్లో, స్పిన్నింగ్ మిల్లుల్లో పనిచేస్తున్నాం. మాకు తెలిసిన పని గురించే రాస్తున్నాం.

రాత్రి హాజరు అందరికీ తెలిసిందే. పేరు పిలవగానే "ఉన్నాను సార్" అనాలి. పలుకు రాకపోతే వాడు ఊరెళ్లాడో, జ్వరంతో పడుకున్నాడో చూసి రమ్మని వార్డెన్ గారు మనిషిని పంపేవారు. యంత్రాల దగ్గరా ఇదే పద్ధతి.

4 నుంచే ఎందుకు?

ధర వచ్చేదాకా రైతులు మిర్చి బస్తాలను కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి దాస్తారు. గదిలోని సెన్సార్ కొలిచిన ఉష్ణోగ్రత 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా మారి కంట్రోల్ మాడ్యూల్‌కు చేరుతుంది. 0 నుంచి 50 డిగ్రీలు కొలిచే పరికరమైతే 4 అంటే 0 డిగ్రీలు, 20 అంటే 50 డిగ్రీలు. 5.6 వస్తే 5 డిగ్రీలన్నమాట.

సున్నా నుంచి మొదలుపెడితే గది 0 డిగ్రీలకు దిగినా, తీగ తెగినా కరెంటు సున్నాయే. తేడా తెలియదు. 4 నుంచి మొదలైతే సున్నా రాగానే తీగ తెగిందని తెలిసిపోతుంది. నామూర్ అనే సంస్థ ఇచ్చిన ఎన్‌ఈ 43 సిఫారసు ప్రకారం 3.8 నుంచి 20.5 వరకు కొలత. 3.6 లేదా అంతకంటే తగ్గినా, 21 లేదా అంతకంటే పెరిగినా లోపం ఉన్నట్టు లెక్క.

కాబట్టి మంచి మాడ్యూల్ రెండు సంగతులు చెబుతుంది. ఒకటి విలువ. రెండోది ఆ విలువను నమ్మవచ్చా లేదా అన్న స్థితి, అంటే స్టేటస్. ఏ ఛానెల్లో తీగ తెగింది, ఎక్కడ షార్ట్ అయింది, ఎక్కడ సప్లై పోయింది అన్న వివరమే డయాగ్నోస్టిక్స్.

మేము చేసిన పొరపాటు

పనిలో చేరిన కొత్తలో ఒక కోల్డ్ స్టోరేజీలో ఒక రాత్రంతా తెరమీద 6 డిగ్రీలే కనిపించింది. గంటగంటకూ రిజిస్టరులో 6 అనే రాశాం. తెల్లవారి తలుపు తీసిన హమాలీ, "ఏందయ్యా, రోజూ ఉన్నంత చలి లేదే!" అన్నాడు. చూస్తే సెన్సార్ తీగను ఎలుక కొరికింది. లోపం వస్తే చివరి విలువనే పట్టుకుని ఉండేలా మాడ్యూల్‌ను అమర్చారు. అది 6 దగ్గరే ఆగిపోయేసరికి చలి చాలనుకుని కంప్రెసర్ నడవలేదు. మాడ్యూల్ మీద ఎర్రలైటు రాత్రంతా వెలుగుతూనే ఉంది. ప్యానెల్ తలుపు మూసి ఉండడంతో మేము చూడలేదు. ఆ కబురును తెరమీదకు ఎవరూ కలపలేదు. ఆ బస్తాల్లో మా నాన్నల్లాంటి కౌలు రైతులవీ ఉన్నాయి. సరుకు దక్కింది గానీ, ఆ చలి తేడా హమాలీ ఒంటికి తెలిసింది, మా రిజిస్టరుకు తెలియలేదు.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీమైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దాని దీపం ఆరింది కనుక అది మూసుకుందని ఆపరేటర్లు అనుకున్నారు. మూయమన్న ఆదేశం వెళ్లిందన్నంత వరకే ఆ దీపం చెప్పగలదు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు అలా పోతూనే ఉంది. రియాక్టరులో ఇంధనం కొంతభాగం కరిగిపోయింది.

గుర్తుంచుకోవలసినవి

తెరమీద అంకె చూడగానే మూడు ప్రశ్నలు వేసుకోండి.
1. ఈ విలువ ఇప్పటిదేనా, పాతదా?
2. దీని స్టేటస్ బాగుందా?
3. ఇది ఇచ్చిన ఆదేశమా, నిజంగా జరిగిన పనా?

అభ్యాసం: పైన చెప్పిన పరికరంలో 12 మిల్లీ ఆంపియర్లు వస్తే ఎన్ని డిగ్రీలు? 3.5 వస్తే ఏమనుకోవాలి? (జవాబులు: 25 డిగ్రీలు, లోపం ఉంది, వెళ్లి చూడాలి.)

చివరగా ఒక మాట. ఒళ్లు కాలిపోతున్నా, లెక్క అర్థం కాకపోయినా "బాగానే ఉంది సార్" అన్నవాళ్లమే మేమంతా. యంత్రానికే తనకు బాగాలేదని చెప్పుకునే దారి పెట్టారు. తమ్ముళ్లూ, మీరూ నోరు తెరిచి చెప్పండి. పక్క మంచం వాడు పలకకపోతే లేచి వెళ్లి చూడండి.