గేరు ఆలస్యంగా పడితే...

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఒకప్పుడు ఈ మూడూ కరీంనగర్ జిల్లాలోని ఊళ్ళే. 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది.

ఈ ఊళ్ళ నుండి ఎందరో బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు పోయారు. దుబాయి, మస్కట్, కువైట్ పేర్లు ఇక్కడ పల్లె పల్లెలో వినపడతాయి. పోయినవారిలో డ్రైవర్లు కూడా ఉన్నారు. అక్కడి కార్లలో ఎక్కువ ఆటోమేటిక్ బండ్లే. ఇప్పుడు మన రోడ్ల మీద కూడా అవి పెరుగుతున్నాయి.

ఆటోమేటిక్ బండికి కాలితో తొక్కే క్లచ్ ఉండదు. గేరు రాడ్ దగ్గర ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. పీ అంటే బండిని నిలిపి ఉంచడం. ఆర్ అంటే వెనక్కి. ఎన్ అంటే న్యూట్రల్. డీ అంటే ముందుకు.

డీలో పెట్టగానే బండి కొంచెం కదలబోతుంది. అదే గేరు పడటం. మామూలుగా ఒక సెకండులో పడుతుంది. రెండు మూడు సెకండ్లు పడితే ఏదో లోపం ఉన్నట్లే.

ప్రమాదం ఎక్కడుంది?

గేరు పడలేదని డ్రైవరు ఎక్సలేటరు తొక్కుతాడు. ఇంజను జోరుగా తిరుగుతుంది. అంతలో గేరు పడుతుంది. బండి ఒక్కసారిగా దూకుతుంది. వెనుక చిన్నపిల్ల ఆడుకుంటూ ఉంటే? ముందు మనిషి నిలబడి ఉంటే? అందుకే గేరు పడేదాకా కాలు బ్రేకు మీదనే ఉండాలి.

గేరు ఎట్లా పడుతుంది?

1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టెను తెచ్చింది. అప్పుడైనా ఇప్పుడైనా ఇటువంటి గేరుపెట్టెను నడిపించేది ఆయిల్ ఒత్తిడే. ఇంజను తిరిగితే లోపలి పంపు తిరుగుతుంది. పంపు చాంబరులోని ఆయిల్‌ను ఫిల్టరు గుండా గుంజుతుంది. ఆ ఆయిల్ వాల్వుల గుండా పోయి క్లచ్ ప్లేట్లను నెడుతుంది. ప్లేట్లు బిగుసుకుంటాయి. గేరు పడుతుంది.

మన బావి మోటరును గుర్తు చేసుకోండి. బావిలో నీళ్ళు తగ్గితే మోటరు గాలి గుంజుతుంది. ఫుట్‌వాల్వుకు చెత్త పడితే నీళ్ళు సన్నగా వస్తాయి. ఫుట్‌వాల్వు లీకయితే రాత్రికి పైపు ఖాళీ అవుతుంది. గేరుపెట్టె సంగతీ అటువంటిదే.

మేస్త్రీ ఏం అడిగాడు?

కోరుట్ల వైపు డ్రైవరు ఒకతను జగిత్యాలలో పెద్ద మేస్త్రీ దగ్గరికి వచ్చాడు.

"కాకా, గేరు లేటు పడుతుంది. గేరుపెట్టె మార్చాల్నా? అప్పు తెచ్చి కొన్న బండి ఇది."

"ఆగు బిడ్డా. ఎప్పుడు లేటయితది?"

"పొద్దున మొదటిసారి. వేడెక్కినంక మంచిగనే ఉంటది."

"ముందుకా, వెనక్కా?"

"రెండిటికీ."

"గేరు ఆయిల్ ఎప్పుడు మార్చినవ్?"

డ్రైవరుకు యాదికి లేదు. ఎక్కడా రాసుకోలేదు.

మేస్త్రీ ఆయిల్ చూశాడు. తగ్గి ఉంది. చాంబరు వాషరు దగ్గర కారుతున్నది. వాషరు, ఫిల్టరు మార్చి, ఆ బండికి చెప్పిన ఆయిల్ పోశాడు. గేరు వెంటనే పడింది. గేరుపెట్టె మార్చే ఖర్చు తప్పింది.

మీరు చేయవలసింది

1. బండిని చదునైన చోట నిలపండి. ముందు వెనుక ఎవరూ ఉండొద్దు. హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు గట్టిగా తొక్కండి. ఇంజను వేడెక్కాక ఎన్ నుండి డీకి మార్చండి. ఎన్ని సెకండ్లకు గేరు పడిందో చూడండి. నిమిషం ఆగి ఆర్‌కు మార్చి చూడండి. టయోటా బండ్లు కొన్నిటికి డీలో 1.2 సెకండ్లు, ఆర్‌లో 1.5 సెకండ్ల లోపు పడాలని కంపెనీ పుస్తకంలో ఉంటుంది.

2. ఆయిల్ గేజి తీసి చూడండి. కొన్ని బండ్లకు ఇంజను నడుస్తుండగా, కొన్నిటికి ఆపి చూడాలి. ఏది పద్ధతో బండి పుస్తకంలో చదవండి. గేజి లేని బండిని మేస్త్రీకి చూపించండి.

3. రంగు, వాసన చూడండి. చాలా బండ్లలో కొత్త ఆయిల్ ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వస్తే లోపల ప్లేట్లు కాలినట్లు అనుమానించాలి. పాలు కలిసినట్లు ఉంటే రేడియేటరు నీళ్ళు కలిసి ఉండవచ్చు. అప్పుడు బండి నడపొద్దు.

4. రాత్రి బండి కింద అట్టముక్క పరవండి. తెల్లారి మరకలు చూడండి.

5. పుస్తకంలో ఉన్న ఆయిలే పోయండి. ఏ ఆయిలైతే ఏమి అనుకోవద్దు. ఎక్కువా పోయొద్దు. ఎక్కువైతే నురుగు వస్తుంది.

లోపం ఎక్కడ ఉండవచ్చు?

ముందుకూ వెనక్కూ ఆలస్యమైతే: ఆయిల్, ఫిల్టరు, పంపు.
ఒక్క వైపే ఆలస్యమైతే: ఆ గేరు ప్లేట్లు, సీళ్ళు, వాల్వు.
చల్లగా ఉన్నప్పుడే ఆలస్యమైతే: ఆయిల్ తగ్గడం, గట్టిపడిన సీళ్ళు.
వేడెక్కాక ఆలస్యమైతే: అరిగిన పంపు, పాత ఆయిల్.

ఆయిల్ సరిగా ఉన్నా గేరు ఆలస్యమైతే మేస్త్రీ కంప్యూటరు పెట్టి చూస్తాడు. ఒత్తిడి గేజితో కొలుస్తాడు. అప్పుడే గేరుపెట్టె విప్పాలి.

ఒక్క మాట. 2014లో వచ్చిన మారుతి సెలెరియో వంటి కార్లలో మామూలు క్లచ్‌నే మిషను నొక్కుతుంది. వాటిది వేరే పద్ధతి. ఆయిల్ పోస్తే సరిపోతుందని అనుకోవద్దు.

రాసి పెట్టుకోండి

ఒక చిన్న నోటుబుక్కు బండిలో ఉంచండి. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, ఆయిల్ పేరు, ఖర్చు రాయండి. గేరు ఆలస్యమైన రోజు అదీ రాసి యజమానికి చెప్పండి. పరాయి దేశంలో బండి చెడితే "డ్రైవరే పాడు చేసిండు" అనే మాట రావచ్చు. ముందే చెప్పినట్లు తేదీతో రాసి ఉంటే నలుగురిలో మాట్లాడే బలం వస్తుంది. నేర్చుకున్న అక్షరం అట్లా అక్కరకు వస్తుంది.

ఆలోచించండి, చెప్పండి

1. గేరు పడకముందు ఎక్సలేటరు ఎందుకు తొక్కొద్దు?
2. గేరుపెట్టెకూ బావి మోటరుకూ పోలిక ఏమిటి?
3. మీ ఊరి డ్రైవర్లలో బండి లెక్క రాసేవారు ఎందరు?
4. నోటుబుక్కులో నేటి తేదీ వేసి మొదటి వరుస రాయండి.