డీబగ్గర్ స్క్రిప్టుల కాపురం ఎక్కడ?

సి++ మిత్రులకు ఈ బాధ తెలిసే ఉంటుంది. జీడీబీలో ఒక మ్యాప్‌ని ప్రింట్ చేస్తే, అందులోని విలువలకు బదులు చెట్టు నోడ్లూ పాయింటర్లూ తెరంతా పరుచుకుంటాయి. 2009 అక్టోబరులో వచ్చిన జీడీబీ 7.0లో పైథాన్ చేరాక దీనికి మందు దొరికింది. 2010లో వచ్చిన జీసీసీ 4.5 నుంచి దాని స్టాండర్డ్ లైబ్రరీతో పాటే "ప్రెటీ ప్రింటర్లు" అనే పైథాన్ స్క్రిప్టులు వస్తున్నాయి. (లైబ్రరీని గ్రంథాలయం అందామంటే నాకు వేటపాలెం సారస్వత నికేతనమే గుర్తొస్తుంది, అందుకని లైబ్రరీ అనే రాస్తున్నాను.)

నేను బ్లాక్‌టౌన్‌లో ఇంట్లో కూర్చుని చూసేవి ఎక్కువగా క్లయింట్ల కోర్ ఫైళ్ళు. ఒకచోట ఎవరో ఎప్పుడో దింపుకున్న ప్రింటర్ల ఫైలుని టీమంతా తమ జీడీబీఇనిట్‌లో పెట్టుకున్నారు. 2015లో జీసీసీ 5తో స్ట్రింగు లోపలి అమరిక మారి, దాని పూర్తి పేరులో సీఎక్స్ఎక్స్11 చేరింది. పాత ప్రింటరుకి ఆ కొత్త పేరు తెలియదు. దాంతో కొన్ని స్ట్రింగులు చక్కగానూ, కొన్ని పేగులు బయటపడ్డట్టూ కనిపించేవి. మెమరీ పాడైందనుకుని రెండు రోజులు వెతికారు పాపం! ప్రోగ్రాములో అసలు తప్పు వేరే చోట ఉంది.

ప్రింటరు అంటే లైబ్రరీ లోపలి రహస్యాలు తెలిసినవాడన్నమాట. కాబట్టి వాడి కాపురం లైబ్రరీతోనే గానీ, మన హోం డైరెక్టరీలో కాదు. జీసీసీ వాళ్ళు చేసింది ఇదే. లైబ్రరీ ఫైలు పేరుకి చివర "-జీడీబీ.పీవై" తగిలించిన చిన్న స్క్రిప్టు ఒకటి ఉంటుంది. జీడీబీ ఆ లైబ్రరీని లోడ్ చేయగానే దీన్ని వెతికి నడుపుతుంది. అది అసలు కోడు ఉన్న దారి చూపించి, రిజిస్టర్ చేసి ఊరుకుంటుంది. అసలు కోడు వేరే ప్యాకేజీలో, "వీ6" అనే ఫోల్డరులో ఉంటుంది.

ఆ వీ6 ఎందుకంటారా? జీడీబీలో పైథాన్ ఇంటర్‌ప్రెటర్ ఒక్కటే. ఒకే పేరున్న మాడ్యూల్ని రెండోసారి ఇంపోర్ట్ చేస్తే మొదటిదే తిరిగొస్తుంది. వెర్షన్ పేరులోనే ఉంటే రెండూ గొడవ లేకుండా పక్కపక్కనే ఉంటాయి. రిజిస్టర్ చేసేటప్పుడు కూడా జీడీబీ అంతటికీ కాకుండా ఆ ఒక్క ఆబ్జెక్ట్ ఫైలుకే కట్టాలి. ఆ చిన్న స్క్రిప్టు ఒకటి కంటే ఎక్కువసార్లు నడవొచ్చు. ఎన్నిసార్లు నడిచినా ఫలితం ఒకటే ఉండేట్టు రాయండి. మీ కంపెనీ సొంత లైబ్రరీకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

క్లయింటు లైబ్రరీలని మీ ఫోల్డరులోకి కాపీ చేస్తే మాత్రం, 2012 నాటి జీడీబీ 7.5 నుంచి ఉన్న "సేఫ్ పాత్" అడ్డుపడుతుంది. చిరాకే గానీ న్యాయమే, ఎవరో పంపిన స్క్రిప్టు మన మెషీను మీద నడిచేది! దాన్ని రూట్‌కి మార్చి కాపలా మొత్తం తీసేయకండి, ఆ ఒక్క ఫోల్డరునే చేర్చండి. ఏది లోడ్ అయిందో "ఇన్ఫో ఆటో-లోడ్", ఏ ప్రింటరు పనిచేస్తోందో "ఇన్ఫో ప్రెటీ-ప్రింటర్" చెబుతాయి.

అన్నీ సరిగ్గా ఉన్నా, ఇంకా కన్‌స్ట్రక్టర్ నడవని వెక్టరుని అడిగితే ప్రింటరు లక్షల్లో పొడవు చెప్పొచ్చు. అనుమానమొస్తే "ప్రింట్ /ఆర్" కొట్టి పచ్చి రూపం చూడండి.