ఫొటో మీది, నేరం ఇంకొకరిది

పాలిథిన్ కవర్లోంచి ఆయన జాగ్రత్తగా తీసిన పేపర్ కటింగ్ మడతల దగ్గర చిరిగిపోతోంది. ఆయనది టైలరింగ్ షాపు. చిట్టీల మోసం కేసులో నిందితుడి పేరూ ఈయన పేరూ ఒకటే. జిల్లా పేజీలో ఆ వార్త పక్కన ఈయన ఫేస్‌బుక్ ఫొటో అచ్చేశారు. ‘‘కుట్టమని ఇచ్చిన బట్టలు కూడా వెనక్కి పట్టుకెళ్లారండీ. అప్పట్నుంచి పేపరు ముట్టుకోవట్లేదు’’ అన్నారు. తేదీ చూశాను. అప్పటికే ఎనిమిది నెలలైంది.

ఆయన కోపం న్యాయమైనదే. కానీ పేపరు మానేసి కూర్చున్న ఆ ఎనిమిది నెలల్లో ఒక మంచి దారి దాదాపు మూసుకుపోయింది.

దినపత్రిక, వారపత్రికల మీద ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు ఫిర్యాదు చేయడానికి గడువు రెండు నెలలు. అంతకన్నా ముందు సంపాదకుడికి ఉత్తరం రాయాలి. ఏది తప్పో, సరైనదేమిటో చెప్పి, ఖండన వేయమని అడగాలి. ఆ ఉత్తరం నకలు, జవాబొస్తే అది, కటింగ్ జతచేసి కౌన్సిల్‌కు పంపాలి. ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాల్సిన పనీ లేదు. విచారణలో తప్పు తేలితే 1978 చట్టం 14వ సెక్షన్ కింద పత్రికను హెచ్చరించవచ్చు, మందలించవచ్చు, అభిశంసించవచ్చు. జరిమానా వేసే అధికారం లేదు. ఇది పెద్ద లోటే. అయినా తప్పు ఎవరిదో అధికారికంగా తేలుతుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: విషయం కోర్టులో ఉంటే కౌన్సిల్ దాన్ని ముట్టుకోదు. అందుకే ఏ తలుపు ముందు తట్టాలో ఆలోచించుకోవాలి.

ఇక కోర్టు. నష్టపరిహారం కోసం సివిల్ దావాకు వార్త వచ్చిన రోజు నుంచి ఏడాది గడువు. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది కాబట్టి పౌరుషానికి పోయి పెద్ద అంకె వేయకండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం నేరం కూడా, రెండేళ్ల వరకు శిక్ష పడొచ్చు. కానీ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి లాభం లేదు, మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. పరువు పోతుందని తెలిసే ప్రచురించారని చూపించడం కష్టం. అజాగ్రత్తతో పడిన ఫొటోకు నేనైతే సివిల్ దారే చెబుతాను.

ఫొటో మారిపోవడం చిన్న పొరపాటని సరిపెట్టుకోమంటారు కొందరు. 2008లో గాజియాబాద్ పీఎఫ్ కుంభకోణం వార్తలో టైమ్స్ నౌ ఛానెల్, దాదాపు అలాగే వినిపించే ఇంటిపేరున్న వేరొకరికి బదులు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి పి.బి. సావంత్ ఫొటో చూపించింది. సుమారు పదిహేను సెకన్లు. ఫొటో తీసేశారు గానీ క్షమాపణ వేయడానికి రోజులు పట్టింది. 2011లో పుణె కోర్టు 100 కోట్ల పరిహారం విధించింది. అప్పీలుకు వెళితే ముందు 20 కోట్లు డిపాజిట్ చేయమంది బొంబాయి హైకోర్టు. టైలరుకు కోట్లు రావు. కానీ ఆయన పరువు న్యాయమూర్తి పరువు కన్నా తక్కువదని ఏ చట్టమూ చెప్పదు.

టీవీ ప్రెస్ కౌన్సిల్ పరిధిలోకి రాదు. 2021 కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం ముందు ఛానెల్‌కే రాయాలి, పదిహేను రోజుల్లో వాళ్లు తేల్చాలి. కాదంటే స్వీయ నియంత్రణ సంస్థకు అప్పీలు. ప్రసారమైన తేదీ, టైము రాసిపెట్టుకోండి. ఛానెళ్లు రికార్డింగ్‌ను 90 రోజులే దాచాలి.

లైంగిక దాడి బాధితుల విషయంలో మాత్రం నిజమైన పేరు, ఫొటో వేసినా నేరమే. 2019లో శంషాబాద్ అత్యాచారం, హత్య ఘటనలో ఆ అమ్మాయి అసలు పేరు, ఫొటో ఊరూరా తిరిగాకే పోలీసులు ‘దిశ’ అని పిలవమన్నారు. బాధితురాలు చనిపోయినా పేరు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు అంతకు ముందు ఏడాదే చెప్పింది. ఫార్వర్డ్ చేసిన మనకూ ఆ చట్టం వర్తిస్తుంది.

టైలరుకు దావా వేయడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఖండన కోరుతూ పత్రికకు నోటీసు పంపాం. మీకిలా జరిగితే కోపంతో పేపరు చించేయకండి. తేదీ, ఎడిషన్, పేజీ నంబరు కనిపించేలా పేజీ మొత్తం దాచండి. ఆ వారంలోనే సంపాదకుడికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు భద్రంగా పెట్టుకోండి.